ఊపిరికి కాపుదల: నిత్యం పీల్చే మందు

ఊపిరి సాఫీగా ఆడుతున్నంతకాలం మనిషికి దాని సంగతే జ్ఞాపకం రాదు. నాలుగు మెట్లెక్కేసరికి ఆగవలసి వచ్చిననాడు, స్నానం చేసి తల తుడుచుకొనేసరికి రొప్పు వచ్చిననాడు, తోడు నడిచేవారితో సమంగా నడవలేక వారిని ముందు పొమ్మని చెప్పిననాడు మాత్రమే అది జ్ఞాపకం వస్తుంది. అప్పటికి కూడా చాలామంది, వయస్సు వచ్చినది గదా అని సమాధానపడతారు. వయస్సు వచ్చిన మాట నిజమే కావచ్చు. కాని వయస్సు ఒక్కటే మనిషిని అలా రొప్పించదు. ఏళ్ల తరబడి పొగను, దుమ్మును పీల్చిన ఊపిరితిత్తులలో గాలిగొట్టాలు వాచి సన్నబడతాయి. వాటి చివర ఉండే గాలిబుడగల గోడలు చెదిరి, సాగి ముడుచుకొనే గుణాన్ని పోగొట్టుకుంటాయి. లోనికి పోయిన గాలి సుళువుగా వెలికి రాదు. వైద్యులు సి.ఓ.పి.డి. అని పిలిచే దీర్ఘకాల శ్వాసావరోధ వ్యాధి ఇదే. ఈ వ్యాధిగ్రస్తులు నిత్యం వాడవలసిన పీల్చే మందును, అనగా ఇన్‌హేలరును, క్షేమంగా వాడుకొనే పద్ధతిని గురించి ఈ ప్రసంగంలో మనవి చేస్తాము.

ఈ వ్యాధికి ప్రధాన కారణం పొగాకు. చుట్ట, బీడీ, సిగరెట్టు అనే భేదం ఊపిరితిత్తులకు లేదు. అయితే జన్మలో చుట్ట ముట్టని స్త్రీలు కూడా ఈ వ్యాధికి లోనవుతున్నారు. కట్టెల పొయ్యి, పిడకల దాలి, పొట్టు పొయ్యి ముందు కూర్చుండి గొట్టంతో ఊదుతూ ముప్పది నలుబది ఏళ్లు వంట చేసిన తల్లులు వారు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం ఆరంభమైన తరువాత ఎన్నో వంటిళ్లలోకి గ్యాసు పొయ్యి వచ్చినది. కాని అంతకుముందు పీల్చిన పొగ తన పని తాను చేసియే ఉన్నది. కనుక ఆయాసం, తెమడతో కూడిన దగ్గు నెలల తరబడి విడవకపోతే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోవలెను. ఇందులో సూది పోటు లేదు. గాలిగొట్టాలను విప్పే మందు పీల్పించిన పిమ్మట ఒక గొట్టంలోకి బలంగా ఊదిస్తారు. మొత్తం వెలికి వచ్చిన గాలిలో మొదటి సెకనులో వచ్చిన భాగం నూటికి 70 పాళ్లకు తక్కువగా ఉంటే గాలిదారికి అడ్డు ఉన్నదని గ్రహిస్తారు.

ఇక్కడ మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పక తప్పదు. మా తల్లిగారు కట్టెల పొయ్యి కాలపు మనిషి. ఆమెకు ఈ వ్యాధి ఉన్నదని తేలిన తరువాత, రోజుకు ఒకటి చొప్పున పీల్చవలసిన మందుగొట్టాలను, వాటిని పెట్టి పీల్చే చిన్న సాధనాన్ని తెచ్చి ఇచ్చాము. తెచ్చి ఇచ్చినందుకే మా ధర్మం తీరినదనుకొన్నాము. మూడు నెలలు గడచినవి. ఆయాసం వీసమెత్తు తగ్గలేదు. మందు పనిచేయటం లేదని, మరొక వైద్యుని చూడవలెనని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకొన్నాము. అంతలో నర్సు వృత్తిలో ఉన్న మేనకోడలు చూడవచ్చి, "అత్తయ్యా, మందు ఎలా వేసుకొంటున్నారో ఒక్కసారి నాకు చూపించండి" అన్నది. మా తల్లిగారు లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చుకొని, మందుగొట్టాన్ని నోట వేసుకొని మ్రింగివేశారు. పీల్చే సాధనం పెట్టెలో పెట్టినది పెట్టినట్లే ఉన్నది.

తప్పు ఆమెది కాదు. గొట్టం రూపంలో ఉన్న మందును మ్రింగటమే ఆమె ఎరిగిన పద్ధతి. రోజూ లోకానికి సంగతులు చెప్పటమే వృత్తిగా గల మేము, ఇంటిలో ఉన్న తల్లి మందు ఎలా వాడుతున్నదో అడిగి చూడలేదు. ఈ ప్రసంగానికి ప్రేరణ ఆ సిగ్గే.

పీల్చే మందు గొప్పతనం ఏమిటో మొదట గ్రహించవలెను. నోట వేసుకొన్న మాత్ర కడుపులో కరగి, రక్తంలో కలసి, ఒడలంతా తిరిగి ఊపిరితిత్తులను చేరుతుంది. పీల్చిన మందు సూటిగా వెళ్లవలసిన చోటికే వెళ్తుంది. అందువల్ల దాని మోతాదు అత్యల్పం. సాల్బుటమాల్ అనే మందు మాత్రగా అయితే 4 మిల్లీగ్రాములు వాడుతారు. పీల్చేటప్పుడు ఒక్కొక్క చిమ్ముకు 100 మైక్రోగ్రాములు. రెండు చిమ్ములకు మిల్లీగ్రాములో అయిదవ వంతు. అనగా మాత్రలో ఇరువదవ భాగం మాత్రమే. పీల్చే మందు బలమైనదనీ, అలవాటు పడితే విడువదనీ భయపడేవారు ఈ లెక్కను చిత్తగించవలెను. ఇది మత్తుమందువంటి అలవాటు కాదు. మానివేస్తే ఆయాసం తిరిగి రావటానికి కారణం వ్యాధి ఇంకా ఉండటమే. కళ్లద్దాలు తీస్తే చూపు మసకబారితే తప్పు అద్దాలది కాదు గదా!

ఈ సాధనం పుట్టుక కూడా ముచ్చటైనదే. 1955లో అమెరికాలో ఒక మందుల సంస్థ అధ్యక్షుని పదమూడేళ్ల కుమార్తె ఉబ్బసంతో బాధపడుతూ ఉండేది. జుట్టుకు చిమ్ముకొనే ద్రవం డబ్బాలో వస్తున్నప్పుడు నా మందు మాత్రం ఎందుకు రాకూడదని ఆమె తండ్రిని అడిగినదట. మరుసటి సంవత్సరం, 1956లో, కొలత ప్రకారం మందు చిమ్మే మొదటి ఇన్‌హేలరు విక్రయానికి వచ్చినది.

పీల్చే మందులు రెండు తెరగులు. ఒకటి తక్షణౌషధం, రెండవది నిత్యౌషధం. ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు చల్లే నీరు వేరు. ఏటేటా వానకారుకు ముందు కప్పు నేయించుకోవటం వేరు. సాల్బుటమాల్ వంటి తక్షణౌషధం కొద్ది నిమిషాలలో గాలిగొట్టాలను విప్పుతుంది. దాని బలం నాలుగు మొదలు ఆరు గంటల వరకు ఉంటుంది. నిత్యౌషధం అలా కాదు. టియోట్రోపియం రోజుకు ఒక్కసారి. సాల్మెటరాల్ వంటివి పన్నెండు గంటలకు ఒకసారి. వీటి ఫలం దినాలమీద, వారాలమీద తెలుస్తుంది: ఆయాసం తగ్గటం, నడక పెరగటం, ఆసుపత్రి పాలయ్యే సందర్భాలు అరుదు కావటం. పీల్చిన వెంటనే హాయి కనబడలేదని దీనిని మానివేయటం మొదటి పొరపాటు. ఆయాసం హెచ్చినప్పుడు దీనినే పదేపదే పీల్చటం రెండవ పొరపాటు. ఇది మరింత ప్రమాదకరం. మోతాదు మించితే గుండెదడ, చేతుల వణుకు కలుగుతాయి. ఒక పూట మరచిపోతే జ్ఞాపకం వచ్చినప్పుడు పీల్చవచ్చు. తరువాతి వేళ దగ్గరపడితే ఆ పూటను విడిచివేయవలెను. రెండు పూటల మందు కలిపి ఎన్నడూ పీల్చకూడదు. ఏ డబ్బా దేనికో దానిమీద పెద్ద అక్షరాలతో వ్రాసి అంటించుకోవటం మంచిది.

ఇక పద్ధతి. చిమ్మే డబ్బాను వాడేవారు మూత తీసి, నోటిలో పెట్టుకొనే భాగంలో ఏదైనా చిక్కుకొని ఉన్నదేమో చూడవలెను. సంచిలో మూత లేకుండా వేసిన డబ్బాలో చిన్న వస్తువు దూరి, దానిని పీల్చి ప్రమాదం తెచ్చుకొన్నవారు లేకపోలేదు. డబ్బాను బాగుగా కుదిపి, ఊపిరిని నిదానంగా వెలికి విడిచి, గొట్టాన్ని పండ్ల నడుమ ఉంచి పెదవులు బిగించవలెను. ఊపిరి మెల్లగా తీయటం మొదలుపెట్టగానే డబ్బాను ఒకసారి నొక్కి, నాలుగైదు సెకనుల పాటు లోతుగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేంతవరకు ఊపిరి బిగబట్టవలెను. రెండవ చిమ్ముకు ముందు అరనిమిషమైనా ఆగి మళ్లీ కుదపవలెను. నొక్కటం, పీల్చటం ఒక్కసారి కుదరని వృద్ధులకు స్పేసరు అనే గాలిగది వంటి గొట్టం ఎంతో ఉపకారం చేస్తుంది. దానిని అప్పుడప్పుడు సబ్బు నీటిలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వవలెను.

పొడి మందు పద్ధతి దీనికి విరుద్ధం. ఇక్కడ మందును లోనికి లాగే బలం మన ఊపిరిదే. కనుక మెల్లగా కాక, మొదటినుంచీ వేగంగా, బలంగా పీల్చవలెను. సాధనంలోకి ఊదరాదు, ఊదితే పొడి తడిసి గడ్డకడుతుంది. మందుగొట్టాన్ని ముందుగా సాధనంలో నింపి ఉంచరాదు. అప్పటికప్పుడు అట్ట నుంచి తీయవలెను. పీల్చిన తరువాత తెరచి చూసి, పొడి మిగిలి ఉంటే మరొకసారి పీల్చవలెను. మరొక్క మాట: ఆ గొట్టం మ్రింగేది కాదు. దాని పెట్టెను మాత్రల పెట్టెలతో కలిపి ఉంచకండి.

క్షేమానికి సంబంధించిన నియమాలు కొన్ని ఉన్నవి. కొందరి ఇన్‌హేలరులో స్టిరాయిడు కూడా కలసి ఉంటుంది. దానిని పీల్చిన తరువాత నోరు నీటితో పుక్కిలించి ఉమ్మివేయవలెను. లేనిచో నోటిలో తెల్లని పూత ఏర్పడవచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. ఈ వ్యాధి గలవారిలో స్టిరాయిడు వల్ల న్యుమోనియా అవకాశం కొంత పెరుగుతుంది గనుక, అది ఎవరికి అవసరమో వైద్యుడే నిర్ణయించవలెను. టియోట్రోపియం వంటి మందువల్ల నోరు ఎండిపోవటం సామాన్యం. నీటికాసుల వ్యాధి గలవారు, ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రం కష్టంగా వచ్చేవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను. పొడిగాని, తుంపరగాని కంటబడకుండా చూచుకోవలెను. కన్ను నొప్పి పుట్టి ఎరుపెక్కి చూపు మసకబారినా, మూత్రం బిగిసినా ఆలసించరాదు.

ఇరుగుపొరుగువారి డబ్బాను అరువు తెచ్చుకోవటం మన దేశంలో పరిపాటి. ఆయాసం ఒకటిగా కనబడినా వ్యాధులు వేరు. ఉబ్బసం గలవారు స్టిరాయిడు లేకుండా దీర్ఘకాలం పనిచేసే విప్పుడు మందును మాత్రమే వాడటం ప్రాణాపాయం. కనుక ఒకరి మందు ఒకరికి పనికిరాదు.

డబ్బాను ఎండలో, మోటారు బండిలో, పొయ్యి గట్టున ఉంచరాదు. రోహిణి కార్తె ఎండలలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఖాళీ అయినా దానిని పొడవరాదు, నిప్పులో వేయరాదు. నీటిలో తేలితే ఖాళీ అయినదనే పరీక్షను నమ్మరాదు. లెక్కను నమ్మండి. 120 చిమ్ముల డబ్బాను ఉదయం రెండు, సాయంకాలం రెండు చొప్పున వాడితే అది 30 రోజులకు తీరుతుంది. మొదలుపెట్టిన తేదీని డబ్బామీద వ్రాసుకొంటే చాలును.

మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందు కొరకు దూర ప్రాంతాలనుంచి ఎందరో వస్తారు. వారి విశ్వాసంతో మేము వాదింపము. ఆ ప్రయాణంలో తక్షణౌషధం జేబులో ఉంచుకొనండని, తిరిగి వచ్చిన తరువాత నిత్యౌషధం మానకండని మాత్రం ప్రార్థిస్తున్నాము.

తెమడ హెచ్చి పచ్చబడినా, తక్షణౌషధం అవసరం నానాటికి పెరుగుతున్నా వైద్యుని చూడవలెను. ఒక్క వాక్యం పూర్తిగా పలుకలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలవర్ణం దాల్చినా, మాట తడబడి మగత కమ్మినా ఒక్క క్షణం జాగు చేయక 108కి టెలిఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆ సేవ నేడు మన రెండు రాష్ట్రాలలోను అందుబాటులో ఉన్నది.

అన్నిటికంటె పెద్ద మందు పొగ మానటం. ఇన్‌హేలరు చేతబట్టి చుట్ట ముట్టించటం, ఒక చేత్తో నీరు తోడి మరొక చేత్తో ఒలకబోయటమే అవుతుంది. ఏటేటా ఇన్‌ఫ్లుయెంజా టీకా, వైద్యుని సలహాపై న్యుమోనియా టీకా వేయించుకోవటం కూడా ఈ కాపుదలలో భాగమే.

మా తల్లిగారి వ్యాధి పోలేదు. అది పూర్తిగా పోయేది కాదు. కాని సరియైన పద్ధతి నేర్చుకొన్న తరువాత ఆమె పెరటిలోని తులసికోట వరకు ఎక్కడా ఆగకుండా నడిచి, తిరిగి వచ్చి, ఆ సంగతిని మాతో ఆగకుండా చెప్పగలుగుతున్నారు. శ్రోతలు మా కొరకు ఒక్క పని చేయవలెను. మీ ఇంటిలో ఇన్‌హేలరు వాడే పెద్దలు ఉంటే, రేపు ఉదయం వారి ప్రక్కన కూర్చుండి, "ఒక్కసారి నాకు చూపించండి" అని అడగండి. ఆ ఒక్క మాట మేము మూడు నెలలు ఆలస్యంగా నేర్చుకొన్నాము.