శీతదేశమున క్రొత్త యిల్లు: దానికి దగిన వేడిమి



ఈ ప్రసంగమునకు పెట్టిన పేరు విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. చైత్రము రాకమునుపే చెట్టునీడకు మంచము లాగుకొను మనకు, ఇల్లు వెచ్చచేసికొను మార్గములతో పని యేమి? పుష్యమాసమున తెల్లవారుజామున గొంగడి కప్పుకొని గడ్డిమంట యొద్ద కూర్చున్నచో మన చలి తీరును. లంబసింగి వంటి మన్యపు గ్రామములను విడిచినచో, మంచు బిగియు చలి యెట్టిదో మనలో ఎఱిగినవారు అరుదు.

అయినను ఈ విషయము మన వాకిటికి వచ్చియే యున్నది. బిడ్డలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న యిండ్లు నేడు మన గ్రామములలో ఎన్ని లేవు! అక్కడ బిడ్డలు ఇల్లు కట్టునపుడు ఇక్కడ తండ్రి పొలము అమ్ముట కలదు. మా యింట జరిగినది అదియే. కెనడా దేశమున, సస్కాచువాన్ రాష్ట్రమున, రెజైనా నగరమునకు చేరువలో మా అమ్మాయియు అల్లుడును క్రొత్త యిల్లు కట్టబూనిరి. అందులకై నేను రెండెకరముల మెరక అమ్మి సొమ్ము పంపితిని. పిమ్మట కొన్ని నెలలకు అమ్మాయి ఒక లెక్క పంపినది. అందు ఇల్లు వెచ్చచేయు ఏర్పాటునకు మాత్రమే 30,000 డాలర్లు అని యుండెను. ఆ అంకె చూచి నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేను పూర్వము ఓవర్సీరుగా పనిచేసినవాడను. గోడలు, కప్పులు, అంచనాలు నాకు క్రొత్త కావు. కాగితమును పెన్సిలును చేతబట్టి కూర్చుంటిని. ఆ లెక్కయే నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట అచ్చటి చలిని గూర్చి ఒక మాట. జనవరి మాసమున ఆ నగరమున సగటున సున్నకు దిగువ 15 డిగ్రీల ప్రాంతము చలి యుండును. కొన్ని రాత్రులు సున్నకు దిగువ 35 డిగ్రీల దాక దిగును. తడిగుడ్డ ఆరవేసినచో నిముషములలో అట్టవలె బిగిసిపోవును. అట్టిచోట ఇంటిలో వేడిమి లేకున్నచో గొట్టములలోని నీరు గడ్డకట్టి గొట్టములు పగులును, మనుష్యులు బ్రతుకలేరు. కనుక ‘పెద్ద యంత్రము పెట్టుకొనుడు, భయముండదు’ అని గుత్తేదారు చెప్పినపుడు, విన్నవారు తలయూపుట సహజము. మా వాండ్రును తలయూపిరి.

అయితే, అయ్యలారా, ఏ యంత్రము కొనవలయును అనునది మొదటి ప్రశ్న కాదు. ఇల్లు ఎంత వేడిమిని పోగొట్టుకొనుచున్నది అనునది మొదటి ప్రశ్న. కుండకు చిల్లియున్నచో ఎంత నీరు పోసినను చాలదు. చిల్లి పూడ్చినచో చెంబెడు చాలును. ఇంటిలోని వేడిమి గోడలగుండ, కప్పుగుండ, కిటికీ అద్దములగుండ మెల్లగ బయటికి పోవును. సందులగుండ వెచ్చని గాలియే నేరుగా పోవును. ఈ దారులన్నియు మూసిన యింటికి కావలసినది కొంచెమే. దాదాపు ఏబది సంవత్సరముల క్రిందట ఆ రెజైనా నగరముననే ఈ సంగతి ఋజువైనది.

1977లో హెరాల్డ్ ఆర్ మొదలగు ఇంజనీర్లు అక్కడ ప్రయోగార్థము ఒక యిల్లు కట్టించిరి. దానికి సస్కాచువాన్ కన్సర్వేషన్ హౌస్ అని పేరు. దాని గోడలు సుమారు 12 అంగుళముల మందము. కప్పునందలి ఉష్ణనిరోధకము అంతకంటెను మందము. గాలి దూరకుండ లోపల ప్లాస్టిక్ పొర పఱచి అతుకులన్నియు మూసిరి. ఆ సీమలో ప్రతి యింట నుండు ఫర్నేసు ఆ యింట లేదు. ఎండ వేడిమిని పట్టు గాజుగొట్టములను, ఆ వేడిమిని నిలువచేయు నీటితొట్టిని మాత్రము ఎంతో వెచ్చించి అమర్చిరి. చిత్రమేమన, ఆ సూర్యయంత్రమే చిక్కులు తెచ్చినది. కొంతకాలమునకు దానిని తీసివేసిరి. గోడలు మాత్రము తమ పని తాము చేయుచునే యుండెను. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరమున వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అను శాస్త్రజ్ఞుడు ఇదే మార్గమున నాలుగు యిండ్ల వరుస కట్టించి, దానినుండి ఒక ప్రమాణమును ఏర్పఱచెను. ఆ ప్రమాణము ప్రకారము ఒక చదరపు మీటరు నేలకు సంవత్సరమునకు 15 యూనిట్ల వేడిమి మించరాదు.

మా వాండ్ర యిల్లు అంత కట్టుదిట్టమైనది కాదు గాని, మంచి యిల్లే. దాని నేల 1,500 చదరపు అడుగులు, అనగా సుమారు 140 చదరపు మీటర్లు. ఇంత మందపు గోడలకు సొమ్ము పెట్టినవారు యంత్రమును పాత యిండ్ల లెక్కన కొనుట ఎట్లు? గుత్తేదారు యంత్రపు పరిమాణమును ఏ లెక్కవలన తేల్చెనో అడుగుమని వ్రాసితిని. అట్టి లెక్క చేయుటకు ఆ దేశమున ఎఫ్ 280 అను ప్రమాణము కలదు. గదిగదికి గోడ, కిటికీ, కప్పు కొలిచి తేల్చవలయును. అతడు అట్టి లెక్క యేదియు చేయలేదు; ‘ఇంత యింటికి ఇంత’ అని అలవాటు చొప్పున వ్రాసినాడు. మన తాపీమేస్త్రీలును అట్లు చెప్పుదురు గదా!

లెక్క చేయించినపుడు, మిక్కిలి చలిగల రాత్రి ఆ యింటికి కావలసిన వేడిమి 3,500 వాట్లు అని తేలినది. మన పట్టణపు స్నానపుగదులలో గోడకు వ్రేలాడు గీజరు సామాన్యముగ 2,000 వాట్లది. అనగా రెండు గీజర్ల వేడిమి ఆ యింటికి ఘోరమైన చలిలో చాలును. గ్యాసు ఫర్నేసులలో చిన్నవి సైతము తఱచుగా 11,000 వాట్ల పైబడి యుండును. అంత పెద్దది పెట్టినచో అది క్షణకాలము మండి, ఇల్లు వెచ్చబడగనే ఆఱి, మరల మండుచు, మాటిమాటికి ఆరిపోవుచు త్వరగా అరుగును.

ఇక ఆ 30,000 డాలర్ల ఏర్పాటు సంగతి. నేలలో గొట్టములు పఱచి వానిలో వేడినీరు పాఱించుట. ఇది మా అల్లుని కోరిక. “మామగారూ, ఉదయమున వట్టికాళ్లతో నడచునప్పుడు నేల వెచ్చగనుండును, ఆ సుఖము వేఱు” అని అతడు ఫోనులో చెప్పెను. ఒక స్నేహితుని పాతయింట అతడు ఆ సుఖము చూచినాడు. కాని ఇందొక చిక్కు కలదు. పాతయింట వేడిమి మిక్కుటముగ కావలయును గనుక నేలను బాగుగ కాచవలయును. పాదమునకు వెచ్చగ తోచును. మంచి యింట నేల గాలికంటె రెండు మూడు డిగ్రీలు హెచ్చుగ నుండిన చాలును. 21 డిగ్రీల గదిలో నేల 23, 24 డిగ్రీలుండును. పాదము అంతకంటె వెచ్చనిది. కనుక నేల చల్లగనే తోచును! ఆ సుఖమునకై నేలను ఇంకను కాచినచో గది ఉడికిపోవును. పైగా మందపు నేల మెల్లగ వేడెక్కి మెల్లగ చల్లారును. దక్షిణపు కిటికీనుండి ఎండ రాగానే దానిని ఆపుట సాధ్యము కాదు. ఈ సంగతి వివరించినపుడు అల్లుడు మారు పలుకలేదు. అతనికి కష్టము తోచెనని నాకు తెలియును.

మిగిలిన మార్గములు మూడు. గ్యాసు ఫర్నేసు ఒకటి. గోడల అడుగున అమర్చు సామాన్యపు విద్యుత్ హీటర్లు రెండవది. హీటుపంపు మూడవది.

హీటుపంపు అనగా నేమో కొంచెము చెప్పవలయును. మీ యింట ఫ్రిజ్ ఉన్నచో దాని వెనుక చేయిపెట్టి చూడుడు, వెచ్చగ నుండును. లోపలి పాలలోని వేడిమిని లాగి వెనుకకు త్రోసివేయుటయే దాని పని. హీటుపంపు బయటి గాలిలోని వేడిమిని లాగి ఇంటిలోనికి త్రోయును. సున్నకు దిగువ 20 డిగ్రీల గాలిలో వేడిమి యెక్కడిదని మీరడుగవచ్చును; నేనును అడిగితిని. వేడిమి పూర్తిగ అంతరించుట సున్నకు దిగువ 273 డిగ్రీల యొద్ద. దానికి పైన నున్న ప్రతి వస్తువునందును వేడిమి కలదు. సామాన్యపు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడిమి నిచ్చును, అంతకు మించి ఈయజాలదు. హీటుపంపు చలి తక్కువయున్నపుడు మూడు యూనిట్ల దాక ఇచ్చును. చలి హెచ్చినకొలది ఈ లాభము తగ్గును. ఘోరమైన చలిలో దానికి హీటర్ల తోడు కావలయును.

ఇప్పుడు లెక్క. ఈ వెలలు మావారికి మావారి యూరిలో చెప్పినవి. వేఱొక చోట వేఱుగ నుండును. సంవత్సరమునకు ఇంటికి కావలసిన వేడిమి 5,600 యూనిట్లు. కరెంటు యూనిట్ 16 సెంట్లు. హీటర్లు మాత్రమే పెట్టినచో సంవత్సరమునకు 896 డాలర్లు. ఫర్నేసులో మండు గ్యాసు వెల యూనిట్ వేడిమికి నాలుగు సెంట్లకు లోపే. కనుక గ్యాసు వెల 212 డాలర్లు మాత్రమే. ఇది విని అందఱు గ్యాసే చవుక యందురు. కాని గ్యాసు కాల్చినను కాల్చకున్నను నెలకు 25 డాలర్ల చొప్పున కట్టవలసిన స్థిరరుసుము కలదు. అది సంవత్సరమునకు 300. మొత్తము 512. కాల్చిన గ్యాసుకంటె గొట్టమునకు కట్టు కప్పమే హెచ్చు! హీటుపంపు, దానికి తోడు హీటర్లు అయినచో 2,900 యూనిట్ల కరెంటు, అనగా 464 డాలర్లు.

అమర్చు వెలలు చూడుడు. ఫర్నేసు, గాలిగొట్టములు, గ్యాసు లైను కలిసి 16,000. హీటుపంపు, గదులకు చిన్న హీటర్లు కలిసి 9,000. హీటర్లు మాత్రమే అయినచో 3,000. ఫర్నేసుకు 7,000 హెచ్చుపెట్టి మనము పొందునది లేదు. ఇల్లు చిల్లులుపడినదైనచో ఈ తీర్పు తలక్రిందులగును; అప్పుడు గ్యాసే చవుక. ఇంటిని బట్టి యంత్రము గాని, యంత్రపు గొప్పను బట్టి కాదు.

దాచక చెప్పవలయునన్నచో, నేను హీటర్లు మాత్రమే చాలునంటిని. హీటుపంపునకు హెచ్చుపెట్టు 6,000 తిరిగి వచ్చుటకు సుమారు 14 సంవత్సరములు పట్టును; అంతలో పంపునకే వార్ధక్యము వచ్చును. అమ్మాయి ఒప్పుకొనలేదు. అక్కడ వేసవిలో 30 డిగ్రీలు దాటు దినములు కలవు; ఈ నడుమ కొన్ని వేసవులలో అడవుల కార్చిచ్చుల పొగవలన కిటికీలు తెఱచు వీలుండదు. హీటుపంపు త్రిప్పి నడపినచో ఇంటిని చల్లచేయును. ‘నాన్నగారూ, మీ లెక్కలో వేసవి లేదు’ అని ఆమె వ్రాసినది. నిజమే, లేదు. ఆమె మాటయే నెగ్గినది.

ఇంకొక ఖర్చు కలదు, దానిని మాత్రము తగ్గింపరాదని నేను గట్టిగ చెప్పితిని. గాలి దూరని యింట లోపలి గాలి చెడును. ఊపిరి తేమ, స్నానపు తేమ, మన పోపు ఘాటు ఎక్కడికి పోవును? గోడలకు చెమ్మపట్టి బూజు పుట్టును. కనుక లోపలి పాతగాలిని బయటికి పంపుచు, దాని వేడిమిని మాత్రము లోనికి వచ్చు క్రొత్తగాలికి అందించు యంత్రము తప్పక యుండవలయును. మంచి యంత్రము ఆ వేడిమిలో మూడు పాళ్ల వంతులకు పైగ నిలుపును. పొయ్యి పైని పొగకు వేఱుగ ఒక పంకాయు కావలయును.

కరెంటు పోయినచో నేమి గతి యని నా భార్య అడిగినది. గ్యాసు ఫర్నేసులోని పంకాయును కరెంటుతోనే తిరుగును, అదియు ఆగును. మందపు గోడల యిల్లు మాత్రము మెల్లగ చల్లారును. ఆమెకు అంతటితో ధైర్యము కలిగినదని చెప్పలేను. మూడు రగ్గులు పార్సిలు చేయించినది.

గాలి దూరుట లేదని తెలిసికొనుటకు, గుమ్మమునకు పంకా బిగించి ఇంటిలోని గాలిని లాగి పరీక్షించు పద్ధతి కలదు. ఆ పరీక్ష గోడలపై పలకలు బిగింపకమునుపే చేయింపుడని వ్రాసితిని. చేయించిరి. వంటయింటి కిటికీ మూల ఒక సందు బయటపడినది, నాడే పూడ్చిరి.

గడచిన శీతకాలము వారు ఆ యింటనే గడపిరి. ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి బయట సున్నకు దిగువ 33 డిగ్రీలు, లోపల 21 డిగ్రీలు ఉన్నవని అల్లుడు ఫోటో తీసి పంపినాడు. ఆ ఫోటో క్రింద, నేల మాత్రము చల్లగనే యున్నది మామగారూ, అని వ్రాసినాడు. సంక్రాంతికి వచ్చిన మా పెద్దమ్మాయి చేత రెండు జతల ఊలు మేజోళ్లు అల్లించి అతనికి పంపితిమి.