కుక్కపిల్లకు గ్రీకు పేరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబర్ 17 మన రోజు ఎందుకైనదో నేను చెప్పనక్కరలేదు. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును నాకన్నా ముందు మాట్లాడినవారు వివరించారు. డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు కూడా అయిపోయినవి. ఇక నాకు మిగిలింది లేదు గనుక కార్యదర్శి గారు దయతలచి "మీకు ఇష్టమైన విషయం మీద పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. కాబట్టి కుక్కల పేర్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి. మనమంతా పేర్లతో బతికినవాళ్ళమే. సర్వీసు రిజిస్టరులో ఒక విధంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో విధంగా పేరు పడి, ఒక్క దీర్ఘం కోసం నెలల తరబడి తిరిగినవాళ్ళు ఈ హాలులోనే నలుగురైనా ఉంటారు.

మా చిన్నప్పుడు డోంగ్లిలో కుక్కలకు పేర్లు తక్కువ. ఎర్రది, నల్లది, కర్రెది, తోక తెగింది, అంతే. పేరు పెట్టినవాళ్ళు టామీ అనో, జిమ్మీ అనో, టైగర్ అనో పెట్టేవారు. ఇదంతా దొరల మోజు అని అప్పుడు అనుకునేవాణ్ణి. తర్వాత ఆలోచిస్తే దానికి ఇంకొక కారణం కనిపించింది. పల్లెలో ఉన్న పేర్లన్నీ ఎవరో ఒకరివి. దేవుడిది కాకపోతే పక్కింటి తాతది. మా ఊరి అవతల ఒకాయనకు పాలివాళ్ళతో గట్టు తగాదా ఉండేది. ఆయన కావాలని తన కుక్కకు పాలివాడి పేరు పెట్టి, పొద్దున్నే వాకిట్లో నిలబడి దాన్ని నోరారా తిట్టేవాడు. తగాదా పంచాయితీకి ఎక్కింది. గట్టు సంగతి తేలలేదు గానీ కుక్క పేరు మార్చాలని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. మార్చాడు. కొత్త పేరుకు ఆ కుక్క పలకదు. దాన్ని పిలవాల్సి వచ్చినప్పుడల్లా పాత పేరు నోట్లోనే గొణిగేవాడట. టామీ అనేవాడు మా చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేడు. అందుచేత టామీ అంటే ఎవరికీ కోపం రాదు.

ఇక మా ఇంటి సంగతి. నిరుటి వానాకాలంలో మా సోయా చేను గట్టున ఒక కుక్కపిల్ల దొరికింది. ఇల్లాలు దానికి పాలు పోసింది. పాలు పోసిన తర్వాత అది మన ఇంటిదే గదా. సెలవులకు వచ్చిన నా కొడుకు కూతురు, హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నది, దానికి పేరు పెట్టే భారం నెత్తికెత్తుకున్నది.

నేను మొదట భైరవ అన్నాను. మన జిల్లాలోనే రామారెడ్డి దగ్గర కాలభైరవుడి గుడి ఉన్నది, ఆయన వాహనం కుక్క. సరిహద్దు అవతల మరాఠీ వాళ్ళ ఖండోబా వెంట కుక్క ఉంటుంది. దత్తాత్రేయుడి పాదాల దగ్గర నాలుగు ఉంటాయి. దానికి దేవుడి పేరు పెడితే తప్పేమిటని నా వాదన. ఇల్లాలు ఒప్పుకోలేదు. "అది చెప్పులు కొరికితె ఛీ భైరవా అంటవా? నా నోటెంట ఆ మాట రాదు" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు మనవరాలు అన్నది: "తాతా, గ్రీకు పేరు పెడదాం. ఎవ్వలకు తగలదు."

గ్రీకు దేశం మనకు అంత పరాయిది కాదు మిత్రులారా. అలెగ్జాండర్ క్రీ.పూ. 326లో బియాస్ నది దాకా వచ్చిపోయాడని మనం బళ్ళో చదివాం. ఆయన పెంచిన కుక్క పేరు పెరిటాస్. అది చచ్చిపోతే దాని పేరున ఒక ఊరు కట్టించాడని ప్లూటార్కు రాశాడు. మన పేరున ఒక వీధి కుళాయి కూడా లేదు, అది వేరే సంగతి. భాషలు చూసినా అంతే. కుక్కను సంస్కృతంలో శ్వా అంటారు, విభక్తి మారితే శునః అవుతుంది. గ్రీకులో క్యూఓన్, విభక్తి మారితే కునోస్. రెండూ ఒకే తల్లి మాట నుంచి వచ్చినవని భాషాశాస్త్రం తెలిసినవారు చెబుతారు. మన శునకమూ, వాళ్ళ కునోసూ దాయాదులన్నమాట.

మనవరాలు మొదట తెచ్చిన పేరు ఆర్గోస్. ఆ మాటకు మెరిసేది, చురుకైనది అని అర్థం. మన అర్జునుడి పేరుకూ దానికీ మూలం ఒకటే. నాకు భలే నచ్చింది. కథ కూడా చెప్పింది. హోమర్ రాసిన ఒడిస్సీలో పదిహేడో భాగంలో ఉన్నది. ఒడిస్యూస్ అనే రాజు యుద్ధానికి పోయి ఇరవై ఏళ్ళకు తిరిగి వస్తాడు. బిచ్చగాడి వేషంలో వస్తాడు గనుక ఇంటివాళ్ళెవరూ గుర్తుపట్టరు. పోయేముందు తాను పెంచిన కుక్క ఆర్గోస్ గుమ్మం ముందు పెంటకుప్ప మీద, ఒళ్ళంతా గోమార్లతో పడి ఉంటుంది. అది ఒక్కటే ఆయన్ను గుర్తుపడుతుంది. లేచి రాలేదు. తోక ఆడిస్తుంది, చెవులు వాలుస్తుంది. రాజు పక్కవాడికి తెలియకుండా కన్నీళ్ళు తుడుచుకుని లోపలికి పోతాడు. కుక్క ప్రాణం విడుస్తుంది.

మన భారతంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క ఉన్నది గదా, దాన్ని విడిచి స్వర్గానికి రానన్నాడు. ఆ కథ ధర్మం గురించి. ఈ కథ ఎదురుచూపు గురించి.

మనవరాలు చెప్పడం ముగించేసరికి ఇల్లాలు చాటలో బియ్యం ఏరుతూ చెయ్యి ఆపింది. మా చిన్నవాడు మస్కట్ పోయి పదకొండేళ్ళైంది. మధ్యలో మూడుసార్లు వచ్చిపోయాడు. ఈ హాలులో ఎంతమంది ఇళ్ళలో గల్ఫుకు పోయినవాళ్ళున్నారో నేను అడగను. ఆమె అన్న మాట ఇది: "ఆ పేరు వద్దు బిడ్డా. ఈ ఇంట్ల ఎదురుచూసెటోళ్ళం మేమిద్దరం చాలు."

ఆర్గోస్ సంగతి అక్కడితో అయిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పేర్లు మాట్లాడలేదు.

మర్నాడు మనవరాలు ఫోనులో వెదికి ఒక జాబితా రాసుకొచ్చింది. దాన్ని చూసి నా గుమాస్తా ప్రాణం లేచి వచ్చింది. సోక్రటీసు శిష్యుడు జెనొఫోన్ పేరున వేట మీద ఒక గ్రంథం ఉన్నది. అందులో కుక్కలకు పెట్టదగిన పేర్లు నలభైయేడు వరుసగా ఇచ్చి ఉన్నవి. లెక్క పెట్టాను, సరిగ్గా 47. పేరు పొట్టిగా ఉండాలి, పిలవడానికి సులువుగా ఉండాలి అని ఒక్క వాక్యంలో కారణం చెప్పి జాబితా మొదలుపెట్టాడు. ఇంత చక్కటి సర్క్యులర్ నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

కానీ గ్రీసులో పొట్టిగా ఉన్నది డోంగ్లిలో సులువుగా ఉండాలని లేదు. మాది మూడు రాష్ట్రాల మూల. 1956లో దెగ్లూర్ తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఇటు వచ్చినప్పుడు గీత కాగితం మీద పడింది, నాలుకల మీద పడలేదు. మా వీధిలో ఒకరు కుక్క అంటారు, ఒకరు కుత్రా, ఒకరు నాయి, ఒకరు కుత్తా. పేరు ఈ నాలుగు నోళ్ళలోనూ నిలవాలి. నేను అరుగు మీద కూర్చుని, జాబితా పట్టుకుని, ఒక్కొక్కటి గట్టిగా పిలిచి చూశాను.

ఖారా అన్నాను. గ్రీకులో సంతోషం అట. ఎదురింటి పిల్లవాడు గిన్నె పట్టుకుని వచ్చాడు, మిక్స్చర్ అమ్ముతున్నారనుకుని. పోలిస్ అని ఒకటి ఉన్నది. దాన్ని మా వీధిలో సాయంత్రం పూట పిలిస్తే పేకాట కూర్చున్నవాళ్ళు గోడలు దూకుతారు. టాక్సిస్ అంటే సేన బారు తీరడం. బస్సు తప్పినవాళ్ళు ఎవరైనా ఆశపడతారు. ఔగో అంటే వెలుగు అని అర్థం. మంచి పేరే. కానీ ఔగో అనగానే దారిన పోయేవాళ్ళందరూ "అగో" అన్నాననుకుని, ఏమిటా అని నేను చూస్తున్న వైపు తల తిప్పి చూశారు. ఫులాక్స్ అంటే కాపలాదారు, అర్థం అన్నిటికన్నా తగినది. అయితే నాకు పై పళ్ళు కట్టుడువి. ఆ మాట అన్నప్పుడల్లా పళ్ళు కదులుతున్నవి. యాభై ఏళ్ళ లోపు వాళ్ళకు ఈ ఇబ్బంది అర్థం కాదు.

జాబితాలో చిట్టచివరి పేరు హొర్మె. ముందుకు దూకే వేగం, ఊపు అని అర్థం. ఈ పేరుకు ఇంకొక చరిత్ర ఉన్నది. జెనొఫోన్ తర్వాత అయిదు వందల ఏళ్ళకు, క్రీ.శ. రెండో శతాబ్దంలో, అరియన్ అనే ఆయన ఉన్నాడు. అలెగ్జాండర్ దండయాత్రల చరిత్రా, మన దేశం గురించి ఇండికా అనే పుస్తకమూ రాసినవాడు. ఆయన కూడా వేట మీద పుస్తకం రాస్తూ, మధ్యలో తన సొంత కుక్క సంగతి ఎత్తుకున్నాడు. దాని పేరే హొర్మె. బూడిదరంగు కళ్ళు. ఇంట్లో ఉన్నంతసేపూ తనను విడిచి ఉండేది కాదట. భోజనం చేస్తుంటే కాలితో తట్టి తన వాటా అడిగేదట. దాని పేరు తర్వాతి కాలానికి మిగలాలని రాయడానికి తనకు మొహమాటం లేదని చెప్పి మరీ రాశాడు. పెద్ద పెద్ద పదవులు చేసిన మనిషి. ఆయన ఏ పదవి చేశాడో నాకు గుర్తు లేదు గానీ, కుక్క వాటా అడిగిన సంగతి మాత్రం గుర్తున్నది.

హొర్మె ఖాయమైంది. మనవరాలు హైదరాబాదు పోయింది. పోయిన వారం రోజులకే పని మొదలైంది. మా ఇల్లాలికి మాట మొదట్లో వచ్చే హ పలకదు. "ఒర్మె" అన్నది. పాలవాడు దాన్ని సాగదీసి "ఓర్మె" చేశాడు. వీధి పిల్లలు "ఓర్మి" దగ్గర ఆగారు. గ్రీకువాళ్ళ దుడుకుతనం మా వాకిట్లోకి వచ్చేసరికి తెలుగులో ఓర్పు అయి కూర్చున్నది. మరాఠీ ఆయన, కన్నడం ఆమె, ఉర్దూ మాట్లాడే దర్జీ, ఎవరికీ ఆ పేరుతో తంటా లేదు. కుక్కకు మాత్రం ఓర్మి లేదు. కోడి కనిపిస్తే ఆగదు.

రేబిస్ టీకాకు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు కార్డు మీద పేరు రాయాలన్నారు. హొర్మె అని రాయించాలా, ఓర్మి అని రాయించాలా అని నేను ఒక నిమిషం ఆలోచించాను. నలభై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి, ఒకసారి పడిన పేరు మార్చడం ఎంత కష్టమో తెలుసు. ఈలోగా ఇల్లాలు "ఓర్మి రాయి బిడ్డా" అని చెప్పేసింది.

మనవరాలికి ఫోనులో ఈ సంగతి చెప్పాను. అర్థమే తలకిందులైందని కాసేపు అలిగింది. వీడియోలో "హొర్మె, హొర్మె" అని పిలిచింది. అది చెవి కూడా ఎత్తలేదు. వంటింట్లోంచి ఇల్లాలు "ఓర్మీ" అన్నది. లేచి పోయింది. ఫోనులో అటువైపు నవ్వు వినబడింది. పోయిన నెల చిన్నవాడు మస్కట్ నుంచి ఫోను చేసినప్పుడు కూడా మా క్షేమం తర్వాత అడిగింది దాని సంగతే. వచ్చే వేసవికి వస్తానన్నాడు. అది తనను కరుస్తుందా అని అడిగాడు. కరవదు, వాసన చూస్తుంది అని చెప్పింది వాళ్ళమ్మ.

ఈ ప్రసంగాన్ని మన ప్రత్యేక సంచికలో వేస్తామని కార్యదర్శి గారు అన్నారు. అరియన్ చేసినట్టే నేనూ అచ్చులో ఒక నమోదు చేయించుకుంటాను. పేరు: ఓర్మి. ఊరు: డోంగ్లి. రంగు: గోధుమ, ఛాతీ మీద తెల్ల మచ్చ. గుర్తింపు చిహ్నం: ఎడమ చెవి మడత. సంచికలో అచ్చు వేసేవారు పేరులో దీర్ఘం పోకుండా చూడవలసిందిగా మనవి.

సెలవు.