పక్కన నిలబడ్డవాడు



ఏ సారు పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆ సారు చరిత్ర పాఠం చెప్తూ చెప్తూ మధ్యలో ఆపి పిల్లలను ఒక మాట అడిగేవారు. గతించినవాళ్ళలో ఒక్కరిని పిలిచి ఒక పూట మాట్లాడనిస్తే ఎవరిని పిలుస్తారని. పేర్లకేం కొదవ, గాంధీ నుంచి శివాజీ దాకా వచ్చేవి. సారు అక్కడ వదిలేవారు కాదు. "పిలిచినవ్ సరే. ఏమడుగుతవ్?" అనేవారు. చేతులు ఒక్కొక్కటే కిందికి దిగేవి.

ఆ ప్రశ్ననే ఇవాళ మన రెండు జిల్లాలకు వేసి చూద్దామనుకుంటున్నాను. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్. పాత అని ఎందుకంటున్నానంటే, 2016 నుంచి వీటిలోంచి పుట్టిన జిల్లాల పేర్లన్నీ వరుసగా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది.

కరీంనగర్ వైపు అడిగితే వంగర బిడ్డ పి.వి. నరసింహారావు పేరు తప్పకుండా వస్తుంది. ఆయనను పిలవడానికి నాకు అభ్యంతరం లేదు కాని, ఆ పూటంతా మనమే మాట్లాడాల్సి వస్తుందేమోనని భయం. ఆదిలాబాద్ వైపు పోతే మారుమాట లేకుండా కుమ్రం భీం అంటారు. ఈ పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

అడవిని రిజర్వు చేసి, గోండులు, కోలాములు పోడు కొట్టుకున్న చేలను ఖాళీ చేయమని, పశువులు మేస్తే పన్ను కట్టమని సర్కారు మీదికొచ్చిన కాలం అది. జోడేఘాట్ చుట్టూ ఉన్న పన్నెండు గూడేలను కూడగట్టి భీం ఎదురు తిరిగాడు. 1940లో నిజాం పోలీసుల తుపాకులకు ఆ కొండల్లోనే ఒరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుపుతారు. ఇప్పుడు ఆయన పేర జిల్లా ఉంది, ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది, జోడేఘాట్‌లో మ్యూజియం ఉంది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల ఒక తరాన్ని కదిలించింది. 2022లో ఆర్‌ఆర్‌ఆర్ సినిమా వచ్చి, బతికుండగా ఎన్నడూ ఎదురుపడని భీంనూ అల్లూరి సీతారామరాజునూ ప్రాణస్నేహితులను చేసి ప్రపంచమంతా తిప్పింది. మనం ఇవాళ మాట్లాడుకునే ఆటనే ఆ సినిమా కోట్ల రూపాయలు పెట్టి ఆడింది. కాకపోతే ఇద్దరు మహానుభావులను ఒకరితో ఒకరిని మాట్లాడించింది.

ఇన్ని మాటలు ఆయన నోట పెట్టిన తరువాత భీం నిజంగానే వచ్చి ఎదురుగా కూర్చుంటే మనం వినగలమా? గోడల మీద రాసుకున్న నినాదమే ఆయన నోటి నుంచి కూడా రావాలని మన చెవులు ఎదురుచూస్తాయి. "మా చేలకు పట్టా ఇచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు" అని ఆయన మామూలుగా అన్నాడనుకోండి, సభలో సగం మంది చిన్నబుచ్చుకుంటారు. పైగా ఆయన ఆ మాట గోండీలో అంటాడు. పక్క ఊళ్ళోనే పుట్టి పెరిగి, గోండీలో మంచినీళ్ళు అడగడం కూడా రానివాళ్ళం మనం. తర్జుమా చేసేవాడిని మధ్యలో కూర్చోబెట్టి వీరుడితో ముచ్చట పెట్టడం నాకైతే నచ్చదు.

అందుకని నాది వేరే పద్ధతి. వీరుణ్ణి వదిలి, ఆయన పక్కన నిలబడ్డవాణ్ణి, లేదా ఆయన పోయిన వెంటనే ఆ చోటికి వచ్చి చూసినవాణ్ణి పిలవాలి. అలాంటివాడికి విగ్రహం ఉండదు, ఉన్నా పూలదండల బరువు తక్కువ. నోరు తెరవడానికి తీరిక ఉంటుంది.

ఆదిలాబాద్‌కు సంబంధించి అలాంటి మనిషి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే తెల్లదొరల లెక్కలో శత్రుదేశస్థుడు. అయినా హైదరాబాద్ సంస్థానంలో ఉండనిచ్చారు. ఆయన చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, ఆ తరువాత గోండుల దగ్గరికి వచ్చాడు. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో కాపురం పెట్టాడు. అప్పటికి జోడేఘాట్ నెత్తురు ఇంకా ఆరలేదు. గోండులకు అక్షరాలు నేర్పడానికి మార్లవాయిలోనే టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. భూములకు పట్టాలిప్పించే పని నడిచింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని గిరిజనుల గోడు వినే దర్బారు పెట్టించిన ఘనత కూడా ఆయనదే. ఎలిజబెత్ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన అస్థికలూ తరువాత ఆ పక్కకే చేరాయి.

ఈయనను అడగాల్సింది నా దగ్గర ఒకటి ఉంది. 1970లలో ఆయన మళ్ళీ ఈ గూడేలకు వచ్చాడు. తాము ఇప్పించిన భూములు బయటినుంచి వచ్చినవాళ్ళ చేతుల్లోకి పోవడం చూశాడు. ఆ సంగతులతో 1982లో పుస్తకం వేశాడు. దానికి ఒక్క ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, నాగోబా దర్బారు జరిగే కేస్లాపూర్ దగ్గరలోనే ఉన్న ఇంద్రవెల్లిలో భూమికోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు ఏటా వచ్చి వినే ఏర్పాటు చేసిన మనిషి, ఆ వినడం ఎక్కడ తప్పిందో చెప్పాలి. అయితే హైమెన్‌డార్ఫ్ పుస్తకాలు పుస్తకాలుగా రాసిపెట్టి పోయాడు. ఆయన జవాబు సగం అచ్చులోనే దొరుకుతుంది, పిలవకుండానే చదువుకోవచ్చు.

గోండులకైతే ఈ ఆటే అక్కర్లేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్ళ కథలు పాడే ప్రధాన్‌లు కింగ్రీ వాద్యం పట్టుకుని వంశకథ ఎత్తుకుంటే మూలపురుషుడు పహాండి కుపార్ లింగో నుంచి ఇంటి దేవుడు పేన్ దాకా అందరూ ఆ రాత్రి గూడేనికి వచ్చినట్టే. మనకు పాఠ్యపుస్తకాలున్నాయి కాబట్టి ఈ తిప్పలు.

ఇక నా ఎంపిక. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. ఆ బండ మీద జైన దేవత చక్రేశ్వరి, జినుల బొమ్మలు, వాటితోపాటు పదో శతాబ్దం నాటి శాసనం. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో. చెక్కించినవాడు జినవల్లభుడు. వేములవాడ చాళుక్యుల రాజు రెండో అరికేసరి ఆస్థానంలో 941లో విక్రమార్జున విజయం రాసిన కన్నడ ఆదికవి పంపడికి సొంత తమ్ముడు. ఇందులోని తెలుగు కందపద్యాలు నన్నయకు దాదాపు నూరేళ్ళ ముందువి. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ గుట్ట పేరు బాగానే వినబడింది.

తమ్ముడు ఆ గుట్ట మీద తన గొప్ప కంటే అన్న గొప్పే ఎక్కువ చెప్పుకున్నాడు. వాళ్ళ పూర్వీకులది కమ్మనాటి వంగిపర్రు అని, అరికేసరి పంపడికి ధర్మపురం అగ్రహారమిచ్చాడని రాయించాడు. తాను కట్టించిన జైన బసదికి త్రిభువనతిలకమని, వేయించిన తోటకు మదనవిలాసమని పేర్లు పెట్టాడు. చెరువుకు మాత్రం కవితాగుణార్ణవమని పెట్టాడు. అది అన్నగారి బిరుదు. అన్న పేరున చెరువు తవ్వించిన తమ్ముడంటే నాకు ముందే సగం మనసు కరిగింది.

అతనికి నేను వేసే ప్రశ్నలు పెద్దవి కావు. ఆ కందాలు తడబడకుండా నడుస్తున్నాయంటే అంతకు ముందు ఎందరో రాసి ఉండాలి. నీకు కందం నేర్పిందెవరయ్యా? ఆ గుట్టెక్కి తెలుగు పద్యం చదవగలిగినవాళ్ళు నీ చుట్టూ ఎవరున్నారు? రాజు సభ కన్నడంలో నడిచినా తెలుగులో చెక్కించావంటే ఊరివాళ్ళ కోసమేనా, లేక పూర్వీకుల ఊరి మీద ప్రేమా?

అతనూ ఊరుకోడు. ముచ్చటంటే ఇటునుంచి అటూ పోవాలి, అటునుంచి ఇటూ రావాలి. నా చెరువేదీ అంటాడు. నా తోటేదీ అంటాడు. ఈ చుట్టుపక్కల గుట్టలన్నీ ఏమైపోయాయని అడిగితే, గ్రానైటు దిమ్మెలుగా కోసి రైలెక్కించి కాకినాడ రేవు నుంచి చైనాకు పంపించామని చెప్పుకోవాలి. బండను నమ్మి అక్షరాలు చెక్కించినవాడికి ఆ మాట చెప్పడం సులువు కాదు. మన వంతు వచ్చినప్పుడు చెప్పడానికి ఏమన్నా ఉన్నదా అన్నది ముందు చూసుకుని పిలవాలి.

పంపడు మావాడంటే మావాడని రెండు రాష్ట్రాల పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. జినవల్లభుడికి ఆ తగవు వినిపిస్తే నవ్వుకుంటాడనుకుంటాను. చివరగా ఒక్కటి అడుగుతాను. అన్నదమ్ములు ఇంట్లో ఏ భాషలో పోట్లాడుకునేవారు? అమ్మ అబ్బణబ్బె ఏ భాషలో కసురుకునేది? సభలో మాట్లాడే భాష ఒకటి, ఇంట్లో మాట్లాడేది మరొకటి కావడం ఈ నేలకు కొత్తకాదు. ఉర్దూ సర్కారు కింద తెలుగు మాట్లాడిన మన తాతలకు తెలుసు, తెలుగు బడిలో కూర్చున్న గోండు పిల్లలకు ఇవాళ్టికీ తెలుసు. నా ఊహ ప్రకారం ఇంట్లో రెండూ కలిసే నడిచి ఉంటాయి. కాదు, ఫలానా భాష అని తమ్ముడు చెప్తే నేను దిద్దుకుంటాను.