మా మామ కళ్లతో మాట్లాడతాడు: ఎంఎన్‌డీ ఉన్న ఇల్లు ఎలా నడుస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో గాడ్జెట్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ కూడా లేవు. ఒక జబ్బు గురించి, ఆ జబ్బున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకునే వాళ్ల గురించి మాట్లాడతాను. జబ్బు పేరు మోటార్ న్యూరాన్ డిసీజ్, షార్ట్‌గా ఎంఎన్‌డీ. అందులో ఎక్కువగా కనిపించే రకం ఏఎల్‌ఎస్. మనిషి మా మేనమామ, అమ్మ తమ్ముడు. ఇల్లు చాంద్రాయణగుట్టలో, కేశవగిరి వైపు ఒక గల్లీలో. ఆయన ముఖం చూపించను, పేరు చెప్పను. అది ఆయన పెట్టిన కండిషన్. మాట పోయిన మనిషి కండిషన్ ఎట్లా పెట్టాడంటారా? దానికి వస్తాను.

ఏఎల్‌ఎస్ అంటే మీకు గుర్తుండేది ఐస్ బకెట్ ఛాలెంజే. 2014 ఆగస్టు. నేనప్పుడు బీటెక్ ఫస్ట్ ఇయర్, హాస్టల్ టెర్రస్ మీద బ్యాచ్ అంతా తడిసింది. అమెరికాలో ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కి దాని వల్ల 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మన దగ్గర హైదరాబాద్ జర్నలిస్ట్ మంజులత కళానిధి దాన్నే రైస్ బకెట్ ఛాలెంజ్‌గా మార్చారు. నీళ్లు పారబోసుకునే బదులు ఆకలితో ఉన్నవాళ్లకి ఒక బకెట్ బియ్యం ఇవ్వండి అని. చాలా మంచి ఐడియా. కానీ జబ్బు పేరు మాత్రం ఇక్కడిదాకా రాకుండా అక్కడే ఆగిపోయింది.

సరే, అసలు ఏం జరుగుతుంది? మెదడులో, వెన్నుపాములో కొన్ని నరాల కణాలుంటాయి. కండరానికి ‘కదులు’ అని ఆర్డర్ తీసుకెళ్లేవి అవే. అవి చచ్చిపోతూ పోతాయి. ఆర్డర్ అందని కండరం సన్నబడిపోతుంది. చెయ్యి, కాలు, నాలుక, గొంతు, చివరికి ఊపిరి. చూపు, వినికిడి, స్పర్శ మామూలుగా ఉంటాయి. అంటే దోమ కుడితే తెలుస్తుంది, తోలుకోలేడు. ఈ ఒక్క మాట పట్టుకోండి, మిగతాదంతా అర్థమైపోతుంది. కొందరిలో ఆలోచన, ప్రవర్తన కూడా మారతాయి. మా మామకి అట్లా కాలేదు. అన్నీ తెలుస్తుంటాయి.

మొదటి లక్షణం కనిపించిన దగ్గర్నుంచి ఎక్కువమందికి 2 నుంచి 5 ఏళ్లు. స్టీఫెన్ హాకింగ్‌కి 1963లో, 21 ఏళ్ల వయసులో బయటపడింది, 2018 దాకా బతికాడు కదా అంటారు. అది చాలా చాలా అరుదు. పైగా 1985లో గొంతుకి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన పక్కన 24 గంటలూ నర్సులుండేవాళ్లు. మా ఇంట్లో డే షిఫ్ట్ నర్సు మా అత్తమ్మ, నైట్ షిఫ్ట్ నర్సు కూడా మా అత్తమ్మే.

ఇంకో విషయం, ఇది పెద్దవాళ్ల జబ్బే అనుకోకండి. మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అని ఒకటుంది. 1970లో మద్రాస్ డాక్టర్లు మొదటిసారి రాశారు. ఎక్కువగా దక్షిణ భారతంలోనే కనిపించింది. చిన్న వయసులో మొదలవుతుంది, చెవుడు కూడా వస్తుంది, కానీ నెమ్మదిగా ముదురుతుంది. నేను డాక్టర్ని కాదు. చెయ్యి సన్నబడుతుంటే, మాట ముద్దగా వస్తుంటే న్యూరాలజిస్ట్ దగ్గరికి పొమ్మని చెప్పడం వరకే నా పని.

మామ టైలర్. నాలుగేళ్ల కింద కత్తెర బరువనిపించడం మొదలైంది. కాజాలు కుట్టడం రాలేదు. మెడ నరం అన్నారు, షుగర్ అన్నారు, ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో మెడకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. పదకొండు నెలలు అట్లా తిరిగాక నిమ్స్‌లో ఈఎంజీ చేసి, స్కానింగులు చూసి, మిగతా జబ్బులన్నీ ఒక్కోటి పక్కన పెట్టి చెప్పారు. దీనికి ‘ఇదిగో పాజిటివ్’ అనే ఒకే టెస్ట్ లేదు, అందుకే లేట్ అవుతుంది. రిలుజోల్ అనే మాత్ర ఉంది, అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. అది కొన్ని నెలలు కలుపుతుంది తప్ప నయం చెయ్యదు. డాక్టర్ అంతా చెప్పాక మామ అడిగింది ఒక్కటే: “మిషన్ ఎన్ని రోజులు తొక్కగల్గుతా సార్?”

ఇప్పుడు ఇల్లు చూద్దాం. రెండు రూములు. 2022లో మా ఏరియా ఫ్లైఓవర్ పొడిగించారు. పైన బండ్లు సాఫీగా పోతాయి. కింద మా గల్లీలోకి మాత్రం అంబులెన్స్ రాదు. మనిషిని దుప్పట్లో వేసుకుని మెయిన్ రోడ్డు దాకా మోయాలి. నలుగురు కావాలి. ఆ నలుగురి నంబర్లు గోడ మీద రాసి ఉన్నాయి.

నీళ్లు డేంజర్. ఇది నాకు కొత్త. గొంతు కండరం బలహీనమైతే పల్చటివే ముందు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. చిక్కగా ఉంటేనే మింగగలరు. మామకేమో ఇరానీ చాయ్ ప్రాణం. అత్తమ్మ ఏం చేసేదంటే, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో వేసి, ముద్దయ్యేదాకా మెదిపి, గడ్డం కిందికి వంచి స్పూన్‌తో పెట్టేది. స్పీచ్ థెరపిస్ట్ చూసి, ఇదే కదా మేం చెప్పేది అన్నారట. పోయిన ఏడాది అది కూడా కష్టమై కడుపులోకి ట్యూబ్ వేయించారు. ఊపిరి మరీ తగ్గకముందే వేయించుకోవడం మంచిదని డాక్టర్ తొందరపెట్టారు. ఇప్పుడు రాగి జావ, పప్పుకట్టు అన్నీ వడగట్టి ట్యూబ్‌లోకే. చాయ్ మాత్రం నాలుక మీద ఒక చుక్క. రుచి కోసం.

రాత్రి బైపాప్ మాస్క్. ఊపిరి తీసుకోవడానికి సాయం చేసే మిషన్ అది. గొంతు కండరాలు కొంచెం బాగున్నవాళ్లలో దీని వల్ల ఆయుష్షు నెలల్లో పెరుగుతుందని 2006లో ఇంగ్లాండ్‌లో చేసిన ట్రయల్ చూపించింది. అంటే ఆ మాత్ర కంటే ఎక్కువ. కానీ కరెంట్ పోతే? ఇన్వర్టర్ ఉంది. అది చాలకపోతే ఎదురుగా జిరాక్స్ షాప్ భాయ్ తన బ్యాటరీ నుంచి వైర్ లాగి పెట్టాడు, మేం అడగకముందే. రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. తిప్పాక దిండు కింద చెవి మడత పడిందేమో చూడాలి. ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ నాకు కనపడలేదు, అత్తమ్మ చెప్పింది. మడత పడ్డ చెవితో రెండు గంటలు పడుకుని చూడండి, చెప్పలేకుండా.

ఇక మాట. ఇది నా డిపార్ట్‌మెంట్ అనుకున్నా, సాఫ్ట్‌వేర్ కదా. కళ్లను ట్రాక్ చేసే యాప్ ఫోన్‌లో పెట్టాను. రూమ్‌లో వెలుతురు చాలదు, తల ఒరిగిపోతుంది, తెలుగు కీబోర్డ్‌లో ఒక గుణింతం కొట్టేసరికి కళ్లలో నీళ్లు. అత్తమ్మ రెండో రోజే “తియ్యి బిడ్డా దీన్ని” అంది. 

తర్వాత పనిచేసింది ఏంటో తెలుసా? ఒకటో తరగతిలో నేర్చుకున్న వర్గాలు. మన అక్షరాలు ఆల్రెడీ టేబుల్‌లాగే ఉన్నాయి కదా: క వర్గం, చ వర్గం, ట, త, ప. మామకి కళ్లు పైకెత్తడం వచ్చు, అది ‘అవును’. మూస్తే ‘వద్దు’. మనం వరసలు చదువుతాం: క, చ, ట, త, ప, య, శ. ఆయన కళ్లెత్తిన వరసలో ఆగి, లోపల అక్షరాలు చదువుతాం. 56 అక్షరాలూ పెట్టుకుంటే తెల్లారిపోతుంది. ఒత్తు అక్షరాలు, అంటే ఖ, ఘ, ఛ లాంటివి తీసేశాం. గుణింతాలు మొత్తం తీసేశాం. అచ్చుతో మొదలయ్యే మాటకి ‘అ’ అని ఒక్క గడి. మొత్తం 22 మిగిలాయి. ‘న, ళ’ అంటే నీళ్లు. ‘చ, య’ అంటే చాయ్. మిగతాది మనం ఊహించాలి.

పక్కింటి ఖాలా ఇది చూసి నవ్వింది. ఉర్దూ రాసేది అట్లనే కదా, పొట్టి అచ్చులు ఎవరు రాస్తారు అంది. ఆమెకి తెలుగు చదవడం రాదు. కానీ ఇది చదివేది కాదు, నోటితో చెప్పేది. ‘క చ ట త ప య శ’ వారంలో బట్టీ పట్టేసింది. ఇప్పుడు మామ మాట మా అందరికంటే తొందరగా అందుకునేది ఆమే. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా వచ్చి కూర్చుంటుంది. ఆ రెండు గంటలే అత్తమ్మ నిద్ర.

ఈ ఎపిసోడ్ గురించి అడిగినప్పుడు మామ చెప్పింది: మ, క, వ, ద. “మాకు వద్దా?” అంది అత్తమ్మ. కళ్లు మూశాడు. “ముఖం వద్దా?” కళ్లెత్తాడు. కండిషన్ అట్లా పెట్టాడన్నమాట.

డబ్బు సంగతి తొందరగా చెప్తా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ పేర్లున్నాయి, ఎంఎన్‌డీ పేరు విడిగా లేదు. దీర్ఘకాలిక నరాల జబ్బు కిందో, కదలికల వైకల్యం కిందో సర్టిఫికెట్ రాయించుకోవాలి. సదరం క్యాంప్‌కి మామని ఆటోలో కూర్చోబెట్టి, తల నేను పట్టుకుని తీసుకెళ్లాం. తెలంగాణలో వికలాంగుల పెన్షన్ 2023లో 4,016 రూపాయలు చేశారు. మా ఇంట్లో అది డైపర్లకే సరిపోదు. బామ్మర్ది ఫుడ్ డెలివరీ చేస్తాడు, ఇల్లు దాని మీదే.

మా మరదలు డిగ్రీ సెకండ్ ఇయర్‌లో మానేసింది. ఎవరూ మానెయ్యమని చెప్పలేదు, ఎవరూ వద్దని కూడా అనలేదు. ఇట్లాంటి ఇళ్లల్లో ఆడపిల్ల చదువు ఆగిపోవడం ఎవరికీ నిర్ణయంలాగే కనపడదు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఒక రాత్రి మామ చెప్పాడు: క, ల, జ, ప. కాలేజీకి పో. ఆమె అరిచింది, “నేను పోతే నిన్నెవరు తిప్పుతరు నాన్నా?” వారం రోజులు ఆయన ఇంకో మాట చెప్పలేదు. ఏ వరస చదివినా కళ్లు మూసుకోవడమే. జూన్‌లో మళ్లీ చేరింది. దాంతో అత్తమ్మ నిద్ర ఇంకో గంట తగ్గింది, అది కూడా నిజం.

ఇప్పుడు కష్టమైన భాగం. ఊపిరి ఇంకా తగ్గితే గొంతుకి రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టాలా, వద్దా? డాక్టర్ ముందే అడిగారు. ఎమర్జెన్సీలో అడిగితే భయంతో చెప్తారు, ఇప్పుడు ఆలోచించి చెప్పండి అని.

హైదరాబాద్‌కి ఈ ప్రశ్న కొత్త కాదు. 2004లో కె.వెంకటేశ్ అనే 25 ఏళ్ల చెస్ ఆటగాడు ఇక్కడే ఉండేవాడు. ఆయనది మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే నరం కాదు, కండరమే పాడయ్యే జబ్బు. బతికుండగానే అవయవాలు దానం చేసి వెళ్లిపోతానని అడిగాడు. తల్లి సుజాత ఆయన తరఫున హైకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబర్‌లోనే చనిపోయాడు. 2022లో కాజోల్‌తో రేవతి తీసిన సలాం వెంకీ ఆ కథే.

ఆయన అడిగింది ఇప్పటికీ కుదరదు. కానీ 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒక తలుపు తీసింది: బాగయ్యే ఆశ లేనప్పుడు ఫలానా చికిత్స నాకు వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చు. మొదట్లో దానికి మేజిస్ట్రేట్ ముందు సంతకం కావాల్సి వచ్చేది. 2023 జనవరిలో మార్చారు, ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ చాలు. నీ నోరు పనిచెయ్యనప్పుడు నీ తరఫున చెప్పే దగ్గరి మనిషి పేరు అందులో రాయాలి.

మామ మూడు రోజులు తీసుకున్నాడు. నాలుగో రోజు అత్తమ్మ వరసలు చదువుతుంటే మొదలుపెట్టాడు. గ. త. క. అక్కడ అత్తమ్మ ఆపేసింది, ట్యూబ్ కడగాలని లేచి వెళ్లింది. మరదలు కూర్చుని మిగతాది చదివింది: త, వ, ద. గొంతు కోత వద్దు. బైపాప్ ఉండనీ, ట్యూబ్ ఉండనీ, అది మాత్రం వద్దు.

పేపర్ టైప్ చేయించి తెచ్చాను. సాక్షులు దొరికారు, ఒకరు జిరాక్స్ భాయే. దగ్గరి మనిషి అన్న చోట మామ అత్తమ్మ పేరే చెప్పాడు. అత్తమ్మ వద్దంటోంది. “ఇన్నేండ్లు ఊపిరి నిలబెట్టిన చేతితోనే ఆపుమని చెప్పాల్నా?” అంటోంది. మరదలు నా పేరు రాయమంటోంది, దానికి మామ కళ్లు మూసుకుంటున్నాడు. ఆ గడి ఖాళీగా ఉంది. పేపర్ ఫ్రిజ్ మీద, మందుల డబ్బా కింద ఉంది. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నా.

మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే ఆ 22 గడుల చార్ట్ వాడుకోండి. పెన్సిల్, అట్టముక్క చాలు. ఉంటాను.