క్రికెట్ ప్రశ్నలు - పొలిమేరలు

భద్రాచలం ఏ జిల్లాలో ఉన్నది?

ఈ చిన్న ప్రశ్నతో నేటి ప్రసంగం ప్రారంభిస్తున్నాము. శ్రోతలలో పలువురు వెంటనే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అని జవాబు చెప్పి ఉంటారు. అది సరియైన జవాబే. కాని ఇంట్లో పెద్దవారెవరైనా ఉంటే, "అదేమిటి, ఖమ్మం జిల్లా గదా" అని ఉండవచ్చును. వారి తండ్రిగారిని అడిగి ఉంటే తూర్పు గోదావరి అని చెప్పి ఉండేవారు. ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఆ సంవత్సరం అది ఖమ్మం జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చినది. ఊరు కదలలేదు, గోదావరి కదలలేదు, పొలిమేరలు మాత్రం కదిలినవి. ఏ సంవత్సరం మాట అడుగుతున్నామో చెప్పకపోవడం ప్రశ్నలోని లోపమే గాని, జవాబు చెప్పినవారి లోపం కాదు.

క్రికెట్ గురించి మాట్లాడతామని చెప్పి జిల్లాల సంగతి ఎత్తుకున్నారేమిటని శ్రోతలు అనుకోవచ్చును. క్రికెట్ అభిమానులు ఒకరినొకరు అడుగుకునే ప్రశ్నలలో కూడా ఇదే చిక్కు ఉన్నది. మేము ఒకమారు ఆ చిక్కులో పడి, ఒక చిన్నారికి అన్యాయం చేసినాము. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉపోద్ఘాతం.

ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం పోయే దారిలో మ్యాచి జరిగిన రోజు సాయంత్రం ఏ టీ దుకాణం దగ్గర నిలబడినా ఈ ప్రశ్నోత్తరాల ముచ్చట వినవచ్చును. గని షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడుంటాడు, కాలేజీ కుర్రవాడుంటాడు. ఎండాకాలమైతే తునికాకు కల్లంలో కట్టలు లెక్క చూసి వచ్చిన గుమాస్తా ఉంటాడు. ఓడినవాడు అందరికీ టీ ఇప్పించాలి, అదే పందెం.

"చెప్పు బావా, బ్రాడ్‌మన్ చివరి ఇన్నింగ్స్‌లో ఎన్ని పరుగులు చేసి ఉంటే సగటు నూరయ్యేది?"

"నాలుగు. ఇదీ ఒక ప్రశ్నేనా?"

"నాలుగే ఎందుకో లెక్క చెప్పు మరి."

అక్కడ బావగారు తటపటాయిస్తారు. బ్రాడ్‌మన్ టెస్టులలో 80 మార్లు బ్యాటు పట్టినాడు. అందులో 10 మార్లు ఔటు కాలేదు గనుక, ఔటైనవి 70 ఇన్నింగ్స్. మొత్తం పరుగులు 6996. డెబ్బైతో భాగిస్తే 99.94 వస్తుంది. 1948 ఆగస్టులో ఓవల్ మైదానంలో హోలీస్ బంతికి సున్నాకే ఔటైన ఆ మహానుభావుడు నాలుగు పరుగులు చేసి ఔటై ఉంటే మొత్తం 7000, సగటు సరిగా నూరు. బడిలో భాగహారం తప్పిన కుర్రవాడు కూడా ఈ లెక్క మాత్రం మరచిపోడు.

మన ప్రాంతపు ప్రశ్నలకూ కొదువ లేదు. టెస్టులలో భారతీయుని మొదటి ద్విశతకం ఏ ఊరిలో జరిగినది? బొంబాయి అని ఒకరు, కలకత్తా అని ఒకరు అంటారు. అది హైదరాబాదులో జరిగినది. 1955 నవంబరులో న్యూజీలండుతో ఫతేమైదానంలో జరిగిన టెస్టులో పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసినాడు. ఆ నగరంలో జరిగిన తొలి టెస్టు అదే. ఆ పోటీలో భారత జట్టుకు నాయకుడు హైదరాబాదు వాడైన గులాం అహ్మద్. ఒకే టెస్టులో ఐదు రోజులూ బ్యాటు పట్టిన మొదటి ఆటగాడెవరు? సికింద్రాబాదులో పుట్టిన జయసింహ. 1960 జనవరిలో, కలకత్తాలో, ఆస్ట్రేలియాపైన.

ఇక మరొక ప్రశ్న చూడండి. 1932లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకుడెవరు? నాగపురంలో పుట్టిన తెలుగు బిడ్డ సి.కె. నాయుడు అని మనమందరం అభిమానంతో చెప్పుకుంటాము. కాని ఆ పర్యటనకు నియమితుడైన నాయకుడు పోరుబందరు మహారాజు. జూన్ 25న లార్డ్స్‌లో మొదటి టెస్టు ప్రారంభమైనప్పుడు ఆయన తప్పుకున్నందున నాయకత్వం నాయుడుగారిది అయినది. కనుక "పర్యటనకు" అని అడిగితే ఒక జవాబు, "టెస్టుకు" అని అడిగితే మరొకటి. ఒక్క మాటతో మహారాజు పోయి నాయుడుగారు వస్తారు. టీ దుకాణం దగ్గర తగవులన్నీ దాదాపు ఇటువంటి ఒక్క మాట కోసమే.

ఇప్పుడు మా పొరపాటు చెప్పుకుంటాము.

2024 వర్షాకాలంలో మేము శ్రోతల కోసం వారం వారం కొన్ని క్రీడా ప్రశ్నలు ప్రసారం చేసేవారము. జవాబులు కార్డు మీద వ్రాసి పంపాలి. సరిగా వ్రాసినవారి పేర్లు మరుసటి వారం చదివేవారము. ఒక వారం ఇట్లా అడిగినాము: "అంతర్జాతీయ క్రికెట్‌లో ఒకరోజు పోటీలో మొదటి ద్విశతకం చేసినవారెవరు?" మా కాగితం మీది జవాబు సచిన్ టెండూల్కర్. 2010 ఫిబ్రవరి 24, గ్వాలియర్, దక్షిణాఫ్రికాపై 200 నాటౌట్. వచ్చిన కార్డులలో ఒక్కటి తప్ప అన్నీ అదే జవాబుతో ఉన్నవి.

ఆ ఒక్క కార్డు దుమ్ముగూడెం దాటి చర్ల వైపు వెళ్ళే దారిలోని ఒక ఆశ్రమ పాఠశాల నుండి వచ్చినది. వ్రాసినది తొమ్మిదో తరగతి బాలిక. "బెలిండా క్లార్క్, ఆస్ట్రేలియా" అని ఆమె జవాబు. మేము దానిని ప్రక్కకు పెట్టినాము. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ప్రసారంలో నవ్వుతూ, "ఒక శ్రోత మాత్రం మేమెన్నడూ వినని పేరొకటి వ్రాసినారు" అని కూడా అన్నాము.

పది రోజులకు రెండవ కార్డు వచ్చినది. అక్షరాలు గుండ్రంగా, వరుసలు కార్డు అంచుల దాకా ఉన్నవి. సారాంశం ఇది: 1997 డిసెంబరు 16న ముంబయిలో, మహిళల ప్రపంచకప్పు పోటీలో, డెన్మార్కు మీద బెలిండా క్లార్క్ 229 పరుగులు చేసి ఔటు కాకుండా నిలిచినది. అది టెండూల్కర్ కంటె పన్నెండేళ్ళు ముందు. మా వ్యాయామం సారు పుస్తకంలో ఉన్నది. మీరు ప్రశ్నలో పురుషులు అని అనలేదు గదండీ. పురుషులు అని అని ఉంటే నేనూ టెండూల్కర్ అనే వ్రాసేదానిని.

ఆ కార్డును మేము రెండుమార్లు చదివినాము. ఆమె చెప్పిన తేదీ సరియైనదే, స్థలం సరియైనదే, పరుగులు సరియైనవే. తప్పు మాది. అదీ జవాబులోనే కాదు. మొదలు ప్రశ్నలోనే తప్పు. "క్రికెట్" అన్నప్పుడు మా మనసులో ఉన్నది పురుషుల ఆట మాత్రమే. ఆ సంగతి మాకే తెలియలేదు. మనసులో ఒక కంచె వేసుకొని, దానిని పైకి చెప్పకుండా ప్రశ్న అడిగినాము. కంచె అవతల నిలబడిన పిల్ల సరియైన జవాబు చెబితే నవ్వినాము.

మరుసటి వారం ప్రసారంలో తొలి రెండు నిమిషాలు ఈ సవరణకే కేటాయించినాము. ఆ వారపు పుస్తక బహుమతి ఆ బాలికకు పంపినాము. ప్రశ్న అడిగిన రీతి వల్ల టెండూల్కర్ అని వ్రాసినవారి జవాబు సరిపోదని కూడా చెప్పవలసి వచ్చినది. కొందరు శ్రోతలు నొచ్చుకున్నారు. వారి కోపం న్యాయమైనదే. తూకపురాయి తప్పుగా పెట్టినది మేమే అయినప్పుడు, కొనుగోలుదారుకు కోపం రాదా?

అప్పటి నుండి మా పాత ప్రశ్నలన్నీ తీసి చూసినాము. ఇదే దోషం పలుచోట్ల కనిపించినది. మొదటి ప్రపంచకప్పు గెలిచిన దేశమేది? 1975, వెస్టిండీస్ అని వ్రాసుకున్నాము. కాని 1973లోనే ఇంగ్లండులో మహిళల ప్రపంచకప్పు జరిగినది. గెలిచినది ఇంగ్లండు. పురుషులు ఆ పోటీ తలపెట్టడానికి రెండేళ్ళ ముందే స్త్రీలు ఆడి ముగించినారు. మొదటి అంతర్జాతీయ క్రికెట్ పోటీ ఎక్కడ జరిగినది? 1877, మెల్‌బోర్న్ అని వ్రాసుకున్నాము. అది మొదటి టెస్టు మాత్రమే. 1844లోనే న్యూయార్కులో అమెరికా, కెనడా జట్లు తలపడినవి. అమెరికాలో క్రికెట్ ఆడినారా అని ఆశ్చర్యపడేవారు ఉంటారు. ఆడినారు. తరువాత ఆ దేశం బేస్‌బాల్ వైపు మళ్ళినది.

ఆ బేస్‌బాల్ అభిమానులకు ఈ ప్రశ్నోత్తరాల పిచ్చి మనకంటె ఎక్కువ. పాత లెక్కలు తవ్వి సరిచూడడానికి 1971లో 16 మంది కలిసి ఒక సంఘమే పెట్టుకున్నారు. వారిలో చిరకాలం నడిచిన తగవు ఒకటి ఉన్నది. మన సిక్సరు వంటి దెబ్బను వారు హోమ్ రన్ అంటారు. 1927లో బేబ్ రూత్ ఒక్క సీజనులో 60 హోమ్ రన్లు కొట్టినాడు. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టినాడు. అయితే రూత్ కాలంలో సీజనుకు 154 పోటీలు, మారిస్ కాలానికి 162. ఎనిమిది పోటీలు ఎక్కువ దొరికినవాడి లెక్కను ప్రక్కన వేరుగా వ్రాయాలని అప్పటి క్రీడాధికారి ఫోర్డ్ ఫ్రిక్ అన్నాడు. ముప్పై ఏళ్ళకు, 1991లో, ఆ వేర్పాటు తొలగించినారు. ఎవరి పక్షం న్యాయమైనదో శ్రోతలే ఆలోచించవచ్చును. మేము గమనించవలసినది వేరు. ఫ్రిక్ కంచె వేసినాడు గాని, అందరికీ కనిపించేటట్లు వేసినాడు. కనిపించే కంచె గురించి వాదించవచ్చును. కనిపించని దాని గురించి వాదించడానికైనా వీలుండదు.

కంచె సరిగా వేస్తే ప్రశ్న ఎంత అందంగా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాము. టీ-20 ప్రపంచకప్పులో మొదటి శతకం ఎవరిది? పురుషులలో అయితే 2007లో జొహానెస్‌బర్గులో క్రిస్ గేల్‌ది. మహిళలలో అయితే 2010లో వెస్టిండీస్ క్రీడాకారిణి డియాండ్రా డాటిన్‌ది. భారత మహిళలలో అయితే 2018లో హర్మన్‌ప్రీత్ కౌర్‌ది. పందొమ్మిదేళ్ళ లోపు మహిళలలో అయితే? 2025 జనవరి 28న, కౌలాలంపూరులో, స్కాట్లండు మీద 59 బంతులలో 110 పరుగులు చేసి ఔటు కాకుండా నిలిచిన గొంగడి త్రిషది. ఒక్కొక్క మాట మార్చినకొద్దీ ఒక్కొక్క ఖండం, ఒక్కొక్క పేరు. చివరి మాట దగ్గర మన భద్రాచలం. త్రిష పుట్టిన ఊరు అదే.

ఆ శతకం తరువాత అయిదు రోజులకు, ఫిబ్రవరి 2న, దక్షిణాఫ్రికాతో అంతిమ పోటీ జరిగినది. త్రిష 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసినది. ప్రత్యర్థులు 82కే ఔటైనారు. తరువాత ఆమె 44 పరుగులతో అజేయంగా నిలిచి కప్పు తెచ్చినది. ఆ పోటీలన్నింటిలో కలిపి ఆమెవి 309 పరుగులు, 7 వికెట్లు. ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే వచ్చినది. 2023లో ఇదే కప్పును తొలిసారి గెలిచిన జట్టులోనూ ఆమె ఉన్నది. ఇన్నాళ్ళూ ఈ అడవి అంచు ఊళ్ళలో కూర్చుని లార్డ్స్ గురించీ, ఓవల్ గురించీ అడుగుకున్నాము. ఇకమీదట ఎక్కడో దూరాన కూర్చున్న అభిమానులు అడిగే ప్రశ్నకు జవాబుగా మన ఊరి పేరు చెప్పవలసి ఉంటుంది. "పురుషులలో", "మహిళలలో" అని విడిగా అనని ప్రశ్నలో ఆ పేరు ఎన్నటికీ రాదు.

2025 ఫిబ్రవరి నెలాఖరున అదే గుండ్రని అక్షరాలతో మరొక కార్డు వచ్చినది. ఈమారు ఆ బాలిక జవాబు వ్రాయలేదు, ప్రశ్న పంపినది. "పందొమ్మిదేళ్ళ లోపు మహిళల టీ-20 ప్రపంచకప్పులో మొదటి శతకం చేసిన క్రీడాకారిణి పుట్టిన ఊరు, ఆమె పుట్టిన 2005వ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉండేది?" అని అడిగినది. మేము ఎంత వెదికినా ఆ ప్రశ్నలో ఒక్క లోపమూ దొరకలేదు. మరుసటి వారం దానినే ప్రసారం చేసినాము. జవాబు చెప్పడానికి కావలసిన సంగతులన్నీ ఈ ప్రసంగంలోనే ఉన్నవి.

శ్రోతలకు మా మనవి ఒకటే. ఈ ముచ్చట మానవద్దు. టీ పందేలూ మానవద్దు. అయితే ప్రశ్న వ్రాసుకున్నప్పుడు ఏ సంవత్సరం, ఏ విధమైన పోటీ, పురుషులదా, మహిళలదా అన్న మాటలు కూడా వ్రాసుకోండి. జవాబు పక్కన అది ఎక్కడ చదివినదీ గుర్తు పెట్టుకోండి. మీ ఇంట్లో ఏ పిల్లవాడైనా, పిల్లయినా మీరెన్నడూ వినని పేరు చెబితే, నవ్వేముందు తేదీ అడగండి. మేము ఆనాడు అడగలేదు.