జబ్బు ఒంటికి, దిగులు మనసుకు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, డాక్టరును కాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా బ్యాంకాక్‌లో ఉన్నప్పుడు అక్కడ విన్నవీ, తర్వాత చదివినవీ నాలుగు మాటలు మనవి చేస్తాను.

థాయ్ భాషలో 'థమ్ జై' అంటే జరిగినదానికి మనసును సిద్ధపరచుకోవడం. 'కమ్లాంగ్ జై' అంటే మనోబలం. మొదటిది రోగి తానే చేసుకోవాలి. రెండోది పక్కవాళ్లు ఇవ్వాలి.

కర్మ అనే మాట వాళ్లకూ ఉంది. "నా కర్మ" అని స్థిమితపడేవారున్నారు, "ఏ పాపం చేశానో" అని కుమిలిపోయేవారూ ఉన్నారు. 1990 దశకంలో ఎయిడ్స్ విజృంభించినప్పుడు ఈ కుమిలిపోవడానికి లోకుల వెలివేత తోడైంది. అప్పుడు ఉత్తర థాయ్‌లాండ్‌లో రోగులే సంఘాలుగా ఏర్పడి ఒకరికొకరు ఆసరా అయ్యారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్.ఐ.వి. సోకడాన్ని అరికట్టిన తొలి ఆసియా దేశంగా 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని గుర్తించింది.

ఈశాన్యాన ఈసాన్ ప్రాంతంలో జబ్బుపడ్డవారి మణికట్టుకు పెద్దలు తెల్లదారం కడతారు. చెదిరిన 'ఖ్వన్' అనే ప్రాణశక్తిని తిరిగి పిలవడమని వారి నమ్మకం. దారంతో జ్వరం తగ్గకపోవచ్చు. కానీ అది కట్టడానికి నలుగురూ ఇంటికి రావాలి కదా!

1977లో మొదలైన గ్రామ ఆరోగ్య వాలంటీర్లు అక్కడ పది లక్షల పైచిలుకు. ఒక్కొక్కరి బాధ్యతలో సుమారు పది, పదిహేను ఇళ్లు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంటింటికీ వెళ్లింది వీరే.

ఇక మన సంగతి. నా పక్కసీటులో ఇరవై ఏళ్లు పనిచేసిన మిత్రుడు క్యాన్సరని తెలియగానే తలుపులు వేసుకున్నాడు. ఎవరికీ చెప్పవద్దని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాక ఆవిడ, "అన్నయ్యగారూ, వైద్యానికి డబ్బు సరిపోయింది. మాట్లాడే మనిషే కరువయ్యాడు" అన్నది.

కనుక నా ప్రతిపాదన ఇది. పేటకు ఇద్దరు చొప్పున మన సభ్యులు, జబ్బుపడ్డవారింటికి వారానికొకసారి వెళ్లాలి. సలహాలు వద్దు, కాసేపు కూర్చొని వింటే చాలు. సేవ చేస్తున్న ఇల్లాలినీ పలకరించాలి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిపడకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వినబడినా వెంటనే డాక్టరుకు చూపించాలి. 2022లో మన ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. దయచేసి రాసుకోండి.

ఇష్టమున్నవారు కార్యదర్శిగారికి ఈరోజే పేర్లివ్వవలసిందిగా ప్రార్థన. మొదటి పేరు నాది రాయించాను. సెలవు.