పశువుల స్టేషన్‌లో ప్రయోగం ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఆస్ట్రేలియాలో నేను చేసే పని గురించి చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. పశువైద్యం చదివి అక్కడి ఉత్తర ప్రాంతానికి వెళ్లాను. పశువుల స్టేషన్లలో పనిచేసేవాళ్లు సొంతంగా ప్రయోగాలు చేసుకునేందుకు తోడుండడం నా ఉద్యోగం. స్టేషన్ అంటే రైలు ఆగేది కాదు. వేల పశువులు మేసే ఒక పెద్ద కమతం. విక్టోరియా రివర్ డౌన్స్ అనే స్టేషన్ ఒక్కటే దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి కృష్ణా జిల్లా అంత. అంత భూమిని చూసుకునే మనుషులు మాత్రం మన స్కూలు స్టాఫ్ రూములో పట్టేస్తారు.

వెళ్లిన మొదటివారం అక్కడి మందను చూసి ఆశ్చర్యపోయాను. మూపురం, గంగడోలు, వేలాడే చెవులు! వాటిని బ్రాహ్మన్ పశువులంటారు. మన ఒంగోలు, గుజరాత్ గిర్ వంటి భారతీయ జాతులను కలిపి అమెరికావాళ్లు తయారుచేసిన జాతి అది. 1933లో అమెరికా నుంచి క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. ఎండకూ, పిడుదు పురుగులకూ తట్టుకున్నాయి గనుక ఉత్తరమంతా పాకిపోయాయి. మనవాళ్లు సాఫ్ట్‌వేర్ వీసాల మీద వెళ్లక ముందే మన గిత్తల వంశం అక్కడ స్థిరపడిందన్నమాట.

ఇక అసలు విషయం. ఆ ప్రాంతంలో చాలా నేలల్లో భాస్వరం తక్కువ. గడ్డిలోనూ తక్కువే. భాస్వరం చాలని ఆవు మేత తక్కువ తింటుంది, చిక్కిపోతుంది, దూడకు పాలు చాలవు, మళ్లీ చూడి కట్టడం ఆలస్యమవుతుంది. ఆకలి ఎటో మళ్లి చచ్చిన పశువుల ఎముకలు నములుతుంది. ఆ ఎముకలతో బొట్యులిజం అనే జబ్బు వచ్చి చచ్చిపోతుంది కూడా. మందు తెలిసిందే, భాస్వరం కలిపిన లవణ మిశ్రమం తొట్టెల్లో పెట్టాలి. చిక్కంతా ఎప్పుడు పెట్టాలన్నదే. వానాకాలంలో పచ్చగడ్డి పుష్కలంగా ఉన్నప్పుడే భాస్వరం ఎక్కువ పనిచేస్తుంది. ఆ వానాకాలంలోనే అక్కడి మట్టిరోడ్లు మునిగిపోయి లారీ కదలదు. పైగా వానల్లేని కాలంలో పెట్టే మిశ్రమంలో యూరియా ఉంటుంది. తొట్టెలో వాననీళ్లు నిలిచి యూరియా కరిగితే, ఆ నీళ్లు తాగిన పశువు చస్తుంది.

కిడ్మన్ స్ప్రింగ్స్ పరిశోధన కేంద్రంలో 2014లో మొదలుపెట్టి, భాస్వరం తక్కువున్న నేలలో పెయ్యలను రెండు గుంపులు చేసి ఏళ్ల తరబడి పోల్చి చూశారు. భాస్వరం అందిన గుంపు బరువులోనూ ఈతల్లోనూ ముందుంది. శాస్త్రం అంతవరకు చెప్పింది. అయితే ఫలానా స్టేషన్‌లో ఏ దారి ఏ నెలలో మూతపడుతుందో, ఏ బోరు దగ్గర ఆవులు తొట్టె ముట్టవో శాస్త్రవేత్తకు ఎలా తెలుస్తుంది? బోర్లు చూసే మనిషికి తెలుస్తుంది. పంపులు, తొట్లు చూసుకుంటూ రోజుకు 200, 300 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగం అది.

నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో ఆ పని చేసే అమ్మాయికి ఇరవై మూడేళ్లు. ఏ తొట్టెలో ఏ వారం ఎన్ని బస్తాలు ఖర్చయ్యాయో నోటుపుస్తకంలో రాసుకునేది. ఎవరూ రాయమనలేదు. "అయిదో బోరు దగ్గర అసలు తినడం లేదు, ఆరో బోరు దగ్గర ఎగబడుతున్నాయి. రెండూ ఒకటే మిశ్రమం, ఎందుకు?" అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నువ్వే కనుక్కోవచ్చు కదా అన్నాను. మేనేజరు మొదట ఒప్పుకోలేదు. ఆయన ఇబ్బందీ నిజమే, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పశువులను తోలి, లెక్కించి, లారీలెక్కించే పనికే మనుషులు చాలరు.

చివరకు డ్యూటీ పట్టికలోనే వారానికి ఒక పూట ఆ అమ్మాయి పేరున రాయించాం. నన్నడిగితే ఆ ఒక్క పూటే మేం చేసిన అసలు సాయం. ఖాళీ దొరికినప్పుడు చేసుకో అంటే ఆ ఖాళీ ఎప్పటికీ రాదు. డీజిలుకూ తొట్టెలకూ కొంత సొమ్ము ఆమె సంతకం మీదే ఖర్చయ్యేట్టు పెట్టాం. ఎన్ని పశువులను తూస్తే పోలిక నమ్మవచ్చో లెక్కగట్టి చెప్పడం, ఫోనెత్తడం, ఇవి నా వంతు. ప్రశ్న మాత్రం ఆమెదే. ఫలితం రాకపోతే రాలేదని రాసే హక్కు కూడా ఆమెదే.

రెండు వానాకాలాలు పట్టింది. యూరియా లేని మిశ్రమం వాడింది, తొట్టెలకు రేకు కప్పు వేసింది, రోడ్లు మునగకముందే మెరక మీద సరుకు నిల్వచేసింది. అయిదో బోరు తొట్టె ఆవులు నీళ్లకు నడిచే బాటకు ఎడంగా ఉందని తేలింది. జరిపించింది. తిన్నాయి. ఇంతేనా అంటారేమో. ఆ మందలో ఎముకలు నమిలే ఆవులు తగ్గాయి. ఈ సంగతి ఏ కంపెనీ ప్రతినిధీ కనిపెట్టలేదు. వాళ్లు ఉపగ్రహంతో నీటిమట్టం చెప్పే యంత్రం బిగించి వెళ్లారు, మంచి యంత్రమే, కానీ దాని తీగలను కాకటూ చిలకలు కొరికేస్తాయని చెప్పిందీ ఆ అమ్మాయే.

సిబ్బంది మాట వినకపోవడం అక్కడ కొత్త కాదు. ఆదివాసీ పశుపాలకులు తరతరాలుగా ఆ నేలను ఎరిగినవాళ్లు. సరైన జీతం ఇవ్వలేదు, మాట అడగలేదు. 1966 ఆగస్టులో విన్సెంట్ లింగియారి వెంట సుమారు 200 మంది గురింజి ప్రజలు వేవ్ హిల్ స్టేషన్ వదిలి నడిచి వెళ్లిపోయారు. జీతాల గొడవ అనుకున్నారు అందరూ. వాళ్లు అడిగింది భూమి. 1975లో ప్రధాని విట్లం వచ్చి లింగియారి చేతిలో మట్టి పోసి ఇచ్చాడు. ఇప్పటికీ ఆ దారిన వెళ్లినప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది.

టీచర్లు ఇందరున్నారు గనుక ఇంకొక్క మాట. ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1951 నుంచి స్టేషన్ల పిల్లలకు రేడియోలో పాఠాలు చెబుతున్నారు, ఇప్పుడు ఇంటర్నెట్‌లో. దూరం చదువుకు అడ్డం కాదని వాళ్లు ఎప్పుడో నిరూపించారు. పెద్దల ప్రయోగాలకు మాత్రం ఎందుకు కావాలి?

మన సంఘం స్వర్ణోత్సవ నిధిలో కొంత పశుపోషణకు పెడదామన్న మాట విన్నాను. పెట్టండి. యంత్రాలు కొనేముందు మన మండలంలో తిరిగే గోపాలమిత్రలను, పాలకేంద్రంలో పాలు కొలిచే అమ్మలను కూర్చోబెట్టి, మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారని అడగండి. వాళ్ల ఒక పూట కూలి కూడా బడ్జెట్లో రాయండి.

ఆ అమ్మాయి మూడో ఏడు వేరే స్టేషన్‌కు వెళ్లిపోయింది. అక్కడ ఎక్కువమంది ఒకటి రెండేళ్లే ఉంటారు. నోటుపుస్తకం మాత్రం బోరు చూసే జీపులో వదిలివెళ్లింది. దాన్ని ఇప్పుడు ఇంకో కుర్రాడు రాస్తున్నాడు. కిందటి నెల ఫోన్ చేసి, తొమ్మిదో బోరు తొట్టె జరపాలనుకుంటున్నాను, ఎన్ని పశువులను తూయాలి అని అడిగాడు.